కుట్లు పడ్డ దెయ్యాల పుస్తకం

మార్చి 4

అన్నయ్యగారికి,

ఇక్కడ అందరం కులాసా. మీరు పాత ఇల్లు ఖాళీ చేసి, షాపు వెనకున్న రెండు గదుల్లోకి సర్దుకున్నారని మీ అమ్మాయి చెప్పింది. పెళ్లి అలసట తీరకముందే ఇల్లు మారడమంటే మాటలు కాదు. నడుం జాగ్రత్త.

కోడలి సామాను లారీ నిన్న వచ్చింది. దారిలో వానకి టార్పాలిన్ ఎగిరిపోయిందట. మిగతావన్నీ బాగానే ఉన్నాయి కానీ ఒక పెట్టె అడుగు తడిసింది. పైన "గాజు సామాను, జాగ్రత్త" అని మీ చేతిరాత ఉంది. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేలోగా తుడిచి పెడదామని తెరిచాను. గాజు సామాను లేదు. పూలగుత్తి పట్టుకుని నవ్వుతున్న అస్థిపంజరం ఉంది. దాని కింద తెగిన చెయ్యి, దాని కింద గోతుల్లో దాక్కున్న సిపాయిలు. పెట్టె నిండా పాత కామిక్సులే, అన్నీ దెయ్యాలవీ యుద్ధాలవీ.

నేను ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసినదాన్ని. రక్తం నాకు కొత్త కాదు. మా అబ్బాయి సంగతి వేరు. గడ్డం గీసుకుంటూ కాస్త తెగితే చాలు, వాళ్ల నాన్న పరుగెత్తుకెళ్లి పట్టుకోవాలి, లేకపోతే అక్కడే పడిపోతాడు.

అమ్మాయిని నేనేమీ అడగలేదు. పెట్టెని ఇస్త్రీ బల్ల కింద పెట్టి దుప్పటి కప్పాను. పిల్లలకి ఏవో సరదాలుంటాయి. ఇది చిన్నప్పటి నుంచీ ఉన్నదా, ఈమధ్య మొదలైందా, అదొక్కటీ రాయండి. తెలిస్తే దానికి తగ్గట్టు మసలుకుంటాం.

మీ చెల్లెలు


మార్చి 9

చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం షాపులో ఒకాయనకి కళ్లజోడు బిగిస్తూ చదివాను. ఎడమ అద్దం కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టాను. ఆయన బజారంతా తిరిగొచ్చి, "ప్రపంచం కాస్త వాలిందండీ" అన్నాడు.

ఆ పెట్టె అమ్మాయిది కాదు, నాది. రెండిళ్ల సామానూ ఒకేరోజు కదలడంతో కూలీలు పొరపాటున ఆ లారీలో ఎక్కించారు. ఈ వయసులో ఇలాంటివి పోగేస్తానని చెప్పుకోవడానికి మొహమాటం. సంబంధం మాట్లాడుకున్న రోజు తీరిక వేళల్లో ఏం చేస్తారని బావగారు అడిగితే, పుస్తకాలు చదువుతానన్నాను. "లావుపాటి గ్రంథాలై ఉంటాయి" అన్నారాయన. నేను కాదనలేదు.

ఏవో పాత కాగితాలు. వాటికోసం మీరేమీ శ్రమపడకండి. ఒక మూల పడుంటాయి, వీలు చూసుకుని వచ్చి తీసుకెళ్తాను. తడిసింది అడుగు వరసేనా, మధ్య వరస కూడానా? ఊరికే అడుగుతున్నాను. నీలం అట్టలున్న యుద్ధం పుస్తకాలు ఏ వరసలో ఉన్నాయి? ఇస్త్రీ బల్ల పక్కన కిటికీ ఉందా? అందులోంచి ఎండ పడుతుందా? ఇదీ ఊరికే.

మీ అన్నయ్య


మార్చి 15

అన్నయ్యగారికి,

తండ్రి మనసు నాకు తెలియదా. కూతురి మీదకి మాట రాకూడదని మీ మీద వేసుకున్నారు. ఆ ఉత్తరం చదివి మా ఇంటాయన కూడా, "మంచి మనిషి, కానీ అబద్ధం ఆడటం రాదు" అన్నారు. మీరేం దిగులు పడకండి. మేం దీన్ని పెద్దది చేసే మనుషులం కాదు.

పైగా ఒక శుభవార్త. పుస్తకాలన్నీ బాగుచేస్తున్నాను. తడిసిన వాటిని పేజీ పేజీ విడదీసి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. ముడతన్నది లేదు. చిరిగిన చోటల్లా ఆస్పత్రిలో వాడే తెల్ల ప్లాస్టరు వేశాను. అది ఇక ఊడదు, పేజీ అయినా పోవాలి గానీ. అట్టలు నలగకుండా గోధుమరంగు కాగితం తొడిగి, కొసలు జిగురుతో అంటించి, పైన పెద్ద అక్షరాలతో పేర్లు రాస్తున్నాను. మా అబ్బాయి బడికెళ్లే రోజులు గుర్తొచ్చాయి.

పనిలో పనిగా నాలుగు చదివాను. ఒకదాంట్లో శవం లేచి నడుస్తుంది. గీసినవాడు మోకాలి చిప్పని వెనకవైపు పెట్టాడు. అలాంటి కాలుతో అది రెండడుగులు కూడా వేయలేదు. ఊరంతా ఎందుకు పరుగెత్తిందో నాకు అర్థం కాలేదు. ఇక మా ఇంటాయన యుద్ధం పుస్తకాలని ఇస్త్రీ వేడి ఆరకముందే పట్టుకుపోతున్నారు. సిపాయి లారీలో కొండ ఎక్కుతూ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తుపాకీ పట్టుకున్నాడట. బస్సు నడిపి రిటైరైన మనిషి కదా, "మరి గేరెవరు మారుస్తారు, వీళ్ల బాబా?" అని గంటసేపు గొణిగారు. తర్వాత రెండో భాగం ఎక్కడుందని వెతుక్కున్నారు.

మీ చెల్లెలు


మార్చి 21

చెల్లెమ్మగారికి,

మీ ఉత్తరం చదివి కాసేపు షట్టరు దించుకుని కూర్చున్నాను.

ఇస్త్రీ చేశారా. మంచిది. ప్లాస్టరు కూడా వేశారా. మీ చేతి పనితనం గురించి అమ్మాయి ముందే చెప్పింది. ఇంత శ్రమ తీసుకున్నందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిజంగానే తెలియడం లేదు.

చేసిందే చాలా ఎక్కువ. ఇకమీదట ఒక్కదాన్ని కూడా ముట్టుకుని మీ చేతులకి నొప్పి తెచ్చుకోవద్దని బతిమాలుకుంటున్నాను. మీరు కష్టపడుతున్నారని తలుచుకుంటే నాకిక్కడ ముద్ద దిగడం లేదు.

అడుగున రెండు అట్టల మధ్య, గట్టి ప్లాస్టిక్ కవరులో సీలు వేసిన పుస్తకం ఒకటి ఉంటుంది. పేరు "నేలమాళిగలో నవ్వు". దాని విషయంలో మాత్రం దయచేసి కాస్త ప్రత్యేకమైన శ్రద్ధ తీసుకోండి. ఇంతకంటే విడమర్చి చెప్పడం నాకు చేతకావడం లేదు. మీరు అర్థం చేసుకోగలరు.

మీ అన్నయ్య


మార్చి 28

అన్నయ్యగారికి,

అర్థం చేసుకున్నాను. మీరు చెప్పినట్టే దానికి ప్రత్యేకమైన శ్రద్ధ తీసుకున్నాను.

ఆ కవరులో ఊపిరాడక పాపం అంచులన్నీ పచ్చబడిపోయాయి. కత్తెరతో కవరు కోసేసి గాలి తగలనిచ్చాను. వీపున రెండు పిన్నులూ తుప్పు పట్టి ఉంటే పీకేసి, ఆపరేషన్లో వాడే సిల్కు దారంతో కుట్లు వేశాను. చూపు మందగించినా చెయ్యి ఇంకా వణకడం లేదు. ముడి ఎక్కడుందో మీరు వెతికినా దొరకదు.

కుట్టాక చదివాను. అన్నయ్యగారూ, మిగతా పుస్తకాలకి నవ్వుకున్నదాన్ని, దీని చివరి పేజీ చూశాక పడుకోబోయే ముందు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టాను. మా ఇంటాయనకి గాలికి తలుపు కొట్టుకుంటోందని చెప్పాను. గాలి లేదు.

అసలు సంగతి ఇది. కుట్టిన పుస్తకం బల్ల మీద ఉండగా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చింది. చూస్తూ చూస్తూ మొహం తెల్లగా పాలిపోయి, గోడ పట్టుకుని నిలబడింది. బాత్‌రూంలోకి వెళ్లి, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. అన్నం వద్దంది. వాసన పడటం లేదా తల్లీ అంటే తల ఊపింది. అప్పటి నుంచీ నా ఎదురుగా సరిగా కూర్చోవడం లేదు, సిగ్గు పడుతోంది. ఇన్నేళ్లు ఆస్పత్రిలో ఉన్నదాన్ని, నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మీరు తాతయ్య కాబోతున్నారు. అమ్మాయి తనంతట తాను చెప్పేదాకా తెలియనట్టే ఉండండి.

కాబోయే నాయనమ్మ


ఏప్రిల్ 2

చెల్లెమ్మగారికి,

నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. వాళ్లమ్మ ఉండి ఉంటే ఎంత పొంగిపోయేదో. ఈ రోజు షాపుకొచ్చిన ప్రతివాడికీ టీ ఇప్పించాను. ఊరుకోలేక, బుల్లి కళ్లజోడు ఒకటి చేశాను. బొమ్మకి కూడా సరిపోదేమో, అంత చిన్నది.

కవరు కోశారా. కుట్లు వేశారా. సరే. ఒక ప్రాణం ఇంటికొస్తుంటే కాగితాల గురించి ఏం మాట్లాడతాం.

తెలియనట్టు ఉండమన్నారు కానీ నా వల్ల కాలేదు. అమ్మాయికీ అల్లుడికీ కలిపి అభినందిస్తూ ఒక కార్డు రాసేశాను. మన్నించాలి.

మీ అన్నయ్య


ఏప్రిల్ 7

వియ్యంకులవారికి,

మీ కార్డు అందింది. మా అబ్బాయి గుమ్మంలోనే చదివి, తండ్రిని కాబోతున్నానని తెలిసి అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. లేచాక వీధంతా చెప్పొచ్చాడు. సాయంత్రం అమ్మాయి వచ్చి, కార్డు చూసి, ముందు పడీపడీ నవ్వింది, తర్వాత ఏడ్చింది. బిడ్డా లేదు, ఏమీ లేదు.

మరి ఎందుకు పాలిపోయావంటే అప్పుడు చెప్పింది. ఆ పుస్తకాలు మీ ప్రాణమట. చేతులకి తొడుగులు వేసుకోకుండా మీరే ముట్టుకోరట. ఇస్త్రీ పెట్టినా, ప్లాస్టరు వేసినా పోగేసేవాళ్ల లెక్కలో ఆ పుస్తకం చచ్చినట్టేనట. సీలు తెరవకుండా ఉండటమే ఆ "నేలమాళిగ" గొప్పట. లోపల ఏముందో మీక్కూడా తెలియదట. బల్ల మీద నా కుట్లు చూసి ఏం అనాలో తెలియక, నాతో చెప్పలేక, మీతో చెప్పలేక, పిల్ల ఇన్ని రోజులు తిండి మానేసింది.

మీరు "మంచిది" అన్నారు. "పనితనం" అన్నారు. "కృతజ్ఞత" అన్నారు. ఒక్కసారి "అమ్మా, ఆపు" అని ఉంటే ఆపేదాన్ని కదా. నేనేమైనా కరుస్తానా? పెద్ద పెద్ద డాక్టర్లు, అది కాదు ఇది ఇవ్వు అని నా మొహం మీదే చెప్పేవాళ్లు. నేను ఇచ్చేదాన్ని. ఎవరి మీదా అలిగింది లేదు. మంచి చేస్తున్నాననుకుని నడుం పడిపోయేలా కూర్చుని మీ ప్రాణాలన్నీ తీశాను. మీరు చూస్తూ ఊరుకున్నారు.

సోమవారం లారీలో పెట్టె పంపిస్తున్నాను. ఇకపై ఏమైనా చెప్పాలనుకుంటే పిల్లలకి రాయండి.

వియ్యపురాలు


ఏప్రిల్ 10

చెల్లెమ్మగారికి,

పిల్లలకి రాయమన్నారు. కానీ ఇది మీకు చెప్పాల్సింది, మీకే రాస్తున్నాను. పెట్టె పంపకండి. ముందు ఇది చదవండి.

మీకు భయపడ్డాను. మీరు కరుస్తారని కాదు. నా పిల్ల మీ ఇంట్లో కొత్తగా అడుగుపెట్టింది. నేను ఇక్కడ ఒక మాట తూలితే అక్కడ దానికి భోజనాల దగ్గర చల్లటి మొహాలు ఎదురవుతాయేమోనని మర్యాద మీద మర్యాద పేర్చుకుంటూ పోయాను. తీరా చూస్తే అది తిండి మానేసింది నా మర్యాద వల్లే. మిమ్మల్ని మనుషులుగా చూడటం మానేసి, అమ్మాయి అత్తింటివాళ్లుగా మాత్రమే చూశాను. తప్పు నాదే.

మర్యాద ఎలాగూ పోయింది కనుక ఇదీ చెప్పేస్తాను. ఇస్త్రీ ఎవరైనా చేస్తారా అండీ? కామిక్ పుస్తకాన్ని? నీలం అట్టల వాటికోసం పరాయి ఊళ్లలో చెత్త దుకాణాల్లో మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. ప్లాస్టరు అన్న మాట చదివినప్పుడు షాపులోనే ఏడ్చాను. కళ్లు పరీక్ష చేయించుకోవడానికొచ్చిన ఆవిడ, తన చూపు అంత పాడైపోయిందేమోనని కంగారు పడింది. అట్టల మీద పేర్లు రాయడం గురించి నేనింకా ఆలోచించే ధైర్యం చేయలేదు.

ఇప్పుడు మనసు తేలికపడింది.

ఒక్క సంగతి అడగనా? ఆ "నేలమాళిగలో నవ్వు" నా దగ్గర ఏళ్ల తరబడి ఉంది. బల్ల మీద పెట్టుకుని అట్ట మాత్రం చూసేవాడిని. లాంతరు పట్టుకున్న దర్జీ, మెట్లు, కింద చీకటి. లోపల ఏముంటుందో నేనే రకరకాలుగా అల్లుకునేవాడిని. ఎవరూ తెరిచి చూసినవాళ్లు లేరు, మీరు తప్ప. ఇంతకీ ఏముందండీ?

మీ అన్నయ్య


ఏప్రిల్ 15

అన్నయ్యగారికి,

ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. ఇస్త్రీ దగ్గరికి వచ్చేసరికి మా ఇంటాయన, "ఇప్పుడు రాశాడు మనిషిలాగా" అన్నారు. అమ్మాయి వంటింట్లోంచి మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడింది. చల్లటి మొహాలన్న మాట విని నేను దాని మొహం చూశాను, అది నా మొహం చూసింది. ఇద్దరం కూర్చుని వేడివేడిగా తిన్నాం. లారీవాడిని వద్దన్నాను.

ఏముందంటారా. దర్జీ ఒక పాత మేడలో పైగది అద్దెకి తీసుకుంటాడు. రోజూ సాయంత్రం మిషను కుట్టడం ఆపగానే కింద ఎక్కడో ఎవరో నవ్వుతుంటారు. ఈ ఇంటికి నేలమాళిగ లేదంటాడు ఇంటి యజమాని. ఒకరోజు కోట్లు తగిలించే చట్రం జరిపితే వెనక తలుపు కనబడుతుంది. లాంతరు పట్టుకుని దిగుతాడు. కింద ఉన్నది అచ్చం తన గదే. తన మిషనే. తను సగం కుట్టి వదిలేసిన కోటే. మిషను ముందు ఒక మనిషి అటు తిరిగి కూర్చుని నవ్వుతున్నాడు. "ఎవరు నువ్వు?" అంటాడు దర్జీ. ఆ మనిషి నవ్వు ఆపి, మెల్లగా ఇటు తిరుగుతాడు.

మిగిలింది చివరి పేజీ. అది నేను రాయను. బండెక్కి వచ్చి చదువుకోండి.

మీ చెల్లెలు


ఏప్రిల్ 29

చెల్లెమ్మగారికి,

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన రొట్టెలు పక్క సీటాయనతో పంచుకున్నాను.

నిజం చెప్పాలంటే తొడుగులు జేబులో పెట్టుకునే వచ్చాను. మీరు ఆ పుస్తకాన్ని మంచినీళ్ల గ్లాసు పక్కనే పెట్టేసరికి ఇక వాటిని బయటికి తీయలేదు. నేనేమో చివరి పేజీ ఉన్నపళంగా చూసేద్దామనుకుంటే, మొదటి నుంచీ పైకి చదవాలని బావగారు పట్టుబట్టారు. అల్లుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పక్కగదిలో నిలబడి, "తర్వాతేమైంది?" అని అరుస్తూనే ఉన్నాడు. వేళ్లు పెట్టుకున్నవాడికి నేను ఆపినట్టు ఎలా తెలిసిందో.

ఆ చివరి పేజీ ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మనిషి ఇటు తిరిగాడు. కాలరు ఉంది, చెవులున్నాయి, జుట్టుంది. ముఖం మాత్రం లేదు. ఉత్త తెల్లకాగితం. అన్ని రక్తాలూ ఎముకలూ చూసిన మీరు కుర్చీ ఎందుకు అడ్డం పెట్టుకున్నారో అర్థమైంది.

అయినా భూతద్దంతో చూశాక నేను చెప్పిందే నిజం. అది కావాలని వదిలింది కాదు, అచ్చు తప్పు. కాలరు గీత ముఖం దగ్గరికొచ్చి టక్కున తెగిపోయింది, చూశారుగా. మిషనులో కాగితం ముడతపడి నల్లసిరా అక్కడ అంటలేదు. మీరేమో గీసినవాడు తెలిసే వదిలాడంటారు. స్టేషను దాకా వాదించారు, బండి కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ వాదించారు. ఇంకో ప్రతి చూస్తే గానీ తేలదు. నాకు తెలిసిన పోగేసేవాళ్లందరికీ కబురు పెట్టాను. ఎవరి దగ్గరా లేదు. ఉన్న ఒక్కాయన దానికి సీలు వేసుకుని కూర్చున్నాడు. కత్తెర పెట్టి చూడమంటే ఫోను పెట్టేశాడు.

పెట్టె మీ దగ్గరే ఉండనివ్వండి. నా రెండు గదుల్లో దానికి చోటు లేదు. చోటు ఉన్నా, ఇక్కడ చదివితే పక్కగదిలోంచి అరిచేవాళ్లు లేరు.

మీ అన్నయ్య


మే 20

అన్నయ్యగారికి,

దొరికింది. మీ పోగేసేవాళ్ల ఇళ్లలో కాదు, మా బస్టాండు వెనక సెలూన్లో.

అమ్మాయీ నేనూ సెలవు దొరికినప్పుడల్లా పాత పుస్తకాల కొట్లన్నీ గాలిస్తున్నాం. మా ఇంటాయన క్షవరానికెళ్లి వచ్చి, "మీరు వెతికే దర్జీ అక్కడ బెంచీ మీదున్నాడు" అన్నారు. జనం చదివి చదివి అట్ట సగం పోయింది, టీ మరకలు, మధ్యలో ఎవరో లెక్కలు వేసుకున్నారు. అయినా చివరి పేజీ ఉంది. ఒకాయన మొహం నిండా నురగతో కూర్చుని ఉండగా మేమిద్దరం లోపలికెళ్లి ఆ బెంచీ మీదే కూర్చున్నాం. పేజీ తిప్పేముందు అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తయ్యగారూ, మీరే తిప్పండి" అని కళ్లు మూసుకుంది.

తిప్పాను. ముఖం ఉంది. బూరెబుగ్గలు, రెండు పళ్ల మధ్య సందు, బుర్రమీసాలు. భయం మాట దేవుడెరుగు, మా ఇంటాయన తమ్ముడు పెళ్లిలో తీయించుకున్న ఫోటోలా ఉంది. ఇద్దరం ఎంత నవ్వామంటే సెలూనాయన కత్తి పక్కనపెట్టి మా వంక చూశాడు. నురగాయన కూడా అద్దంలోంచే చూశాడు.

కనక మీరే గెలిచారు. అచ్చు తప్పే. కానీ ఒక మాట. గీసినవాడికి చేతకాని పని ఆ ముడత చేసింది. ఇంటికొచ్చి మన పుస్తకం మళ్లీ తీసి చూశాం. ఇంత తెలిశాక కూడా అమ్మాయి దీపం ఆర్పనివ్వలేదు. అబ్బాయి ఈసారి ఒక వేలు తీసి, ఒక కన్నుతో చూశాడు. పడిపోలేదు. గోడకి ఆనుకున్నాడంతే.

మీకు చూపించడానికి ఆ పుస్తకం ఇమ్మని సెలూనాయన్ని అడిగాను. ఎంత చెప్పినా వినలేదు. క్షవరానికొచ్చినవాళ్లు చదువుకోవడానికట, బయటికి కదలనివ్వడట. చూడాలంటే కుర్చీ ఎక్కాల్సిందే. అందుకని ఈ నెల అక్కడ క్షవరం చేయించుకోకండి. ఉన్న జుట్టే కాస్త పెంచుకుని రండి.

మీ చెల్లెలు